సీటు మీద దస్తీ

జగిత్యాల నుంచి కోరుట్ల దాకా, ఇటు సిరిసిల్ల దాకా, కోతల కాలంలో ఏ పొలం గట్టు మీదైనా నిలబడి చూడండి. వరికోత మిషన్ ఆగి ఉండి, దాని డ్రైవర్ సీటు మీద ఒక చేతిరుమాలు, మా భాషలో దస్తీ, పరిచి ఉందంటే, లోపల ఎక్కడో ఒక మెకానిక్ చెయ్యి పెట్టి ఉన్నాడని అర్థం. ఆ దస్తీని కాదని కూర్చోగల మొనగాడు ఈ ప్రాంతంలో ఇంకా పుట్టలేదు. ఆ పద్ధతి కనిపెట్టింది నేను. దానివల్ల దక్కిన చేతులన్నీ ఒకచోట దింపితే ఒక ఊరి నాట్లు పొద్దుగూకేలోగా అయిపోతాయి.

ఈ మాటలు చాలా చోట్ల చెప్పాను. రిటైరైన రోజు మెడలో దండతో చెప్పాను. పెళ్లిళ్లలో బంతిలో కూర్చుని, పప్పు వడ్డించేవాణ్ణి ఆపి మరీ చెప్పాను. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్ల కోసం రాయమంటే మాత్రం కలం కాస్త తడబడుతోంది. నోటిమాటైతే విన్నవాడు ఇంటికి చేరేలోగా సగం మరిచిపోతాడు. రాత అట్లా కాదు, ఎవడో ఒకడు వేలుపెట్టి "ఇదేంది సార్" అంటాడు. అందుకని మొదటి సవరణ నేనే చేస్తున్నాను. "ఏ పొలం గట్టు మీదైనా" అన్నది కొంచెం ఎక్కువైంది. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో కొందరు వేస్తారు, అదీ యాదికొచ్చినప్పుడు. మిగతా సవరణలు దారిలో వస్తాయి, తొందరపడకండి.

నా ఉద్యోగం జగిత్యాలలో ఒక శిక్షణ కేంద్రంలో. ట్రాక్టర్లు, కోత మిషన్లు, గడ్డి కట్టలు చుట్టే మిషన్లు బాగుచేసే మెకానిక్‌లకు, ఆ పనిలో వేళ్లూ చేతులూ పోగొట్టుకోకుండా ఇంటికి ఎలా చేరాలో నేర్పడం. అంతకుముందు నేనూ కోరుట్లలో ఒక షెడ్డులో గ్రీసు పూసుకున్నవాణ్ణే. మా అత్తమ్మకు ఈ కొత్త ఉద్యోగం చివరిదాకా అంతుపట్టలేదు. "తిరిగే మిషన్ల చెయ్యి వెట్టద్దని చెప్పుడుకు గూడ జీతమిస్తరా అల్లుడా" అని అడిగేది. "ఇచ్చినా ఎవడు ఇంటలేడు అత్తమ్మా" అనేవాణ్ణి. ఆ ఒక్క మాట మాత్రం కల్తీ లేని నిజం.

వినడానికి వచ్చేవాళ్లు చిన్నపిల్లలు కారు. నాకన్నా ఎక్కువ ఇంజన్లు విప్పినవాళ్లు. కొందరు సర్టిఫికెట్ కోసం వచ్చేవాళ్లు, కొందరు మధ్యాహ్నం అన్నంలో గుడ్డు కోసం. గోళ్ల సందుల్లో పేరుకున్న నలుపుతో, చేతులు కట్టుకుని, కొత్త అల్లుణ్ణి చూసే బావమరుదుల్లా నా వైపు చూసేవాళ్లు. వాళ్ల చూపు మార్చడానికి నా దగ్గర ఒక తమాషా ఉండేది. పాత ప్యాంటులో గడ్డి కూరి, ట్రాక్టర్ వెనక తిరిగే కడ్డీకి దాని అంచు తగిలించేవాణ్ణి. రెప్పవేసేలోగా ప్యాంటంతా కడ్డీ చుట్టూ బిగుసుకుని, గడ్డి గాల్లో లేచేది. అప్పుడు ఇంజన్ ఆపితే ఒక్క క్షణం దగ్గు కూడా వినిపించేది కాదు. మా ఇంట్లో పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చే ఆమె వచ్చినప్పుడల్లా మా ఆవిడ ఖాళీ చేతులతో నిలబడి, "మా ఇంటాయన ప్యాంట్లన్ని ట్రాక్టరు తింటది" అని చెప్పి పంపేది.

స్కూటర్ మీద కోరుట్ల, సిరిసిల్ల తిరిగిన ఆ రోజులు ఇప్పటికీ ముక్కుకు తెలుస్తాయి. డీజిల్, పచ్చిగడ్డి, ఎండకు కాగిన రెగ్జిన్ సీటు, అందులోకి షెడ్డు పక్క హోటల్లో మరిగే అల్లం చాయ్. ఇప్పుడు మోకాళ్లు స్కూటర్ ఎక్కనివ్వవు. వాసనలు మాత్రం వద్దన్నా వస్తాయి.

మా పెద్దసారు ఒకసారి హైదరాబాద్ నుంచి పెట్టె నిండా ఎర్ర అట్టముక్కలు తెచ్చాడు. ప్రమాదం, ముట్టవద్దు అని వాటి మీద ఇంగ్లీషులో ఉంది. రిపేరు చేసేటప్పుడు స్టీరింగుకు కట్టమన్నాడు. అందరికీ పంచాం. ఆ వేసవిలో జగిత్యాల మామిడి మార్కెట్‌కు పోతే పండ్ల డబ్బాలకు మా అట్టముక్కలే వేలాడుతున్నాయి, వెనకవైపు రైతుల పేర్లు రాసి. పెద్దసారు అడిగితే, "మస్తు వాడకంల ఉన్నయ్ సార్" అని చెప్పాను. అందులో అబద్ధం లేదు.

అట్టముక్కలు పోయాక తాళంచెవి పాఠం పట్టుకున్నాను. మిషన్ లోపల చెయ్యి పెట్టేముందు తాళంచెవి తీసి నీ జేబులో వేసుకో. పాఠం అంతే. కానీ మన దగ్గర దానికొక చిక్కుంది. ఊళ్లోకి వచ్చి ట్రాక్టర్ తాళంచెవి గుంజుకుపోయేది ఫైనాన్స్ వాళ్లు. మెకానిక్ వచ్చీరాగానే తాళంచెవి జేబులో వేసుకుంటే, యజమానికి ఊరందరి ముందు చెంప మీద కొట్టినట్టు ఉంటుంది. అందుకే మర్యాద తెలిసిన మెకానిక్ దాన్ని ముట్టడు. మర్యాద కోసం చెయ్యి పోగొట్టుకునే జనం మనం.

ఒక సంవత్సరం బ్యాచ్‌లో కోరుట్ల నుంచి ఒక భాయ్ వచ్చాడు. కోత మిషన్ల పనిలో ఆ చుట్టుపక్కల ఆయనకు పేరు. ఇంట్లో ఉర్దూ, షెడ్డులో తెలుగు, మిషన్ మొండికేస్తే దానితో రెండూ కలిపి మాట్లాడేవాడు. ఆయన రెండు చేతుల మీద ఆ షెడ్డు, షెడ్డు మీద అన్నదమ్ముల ఇళ్లు నడిచేవి. వెంట ఒక డ్రైవర్‌ను కూడా లాక్కొచ్చాడు. కల్లుగీసే గౌడ్ల ఇంటివాడు, పెళ్లయి సంసారం నడుపుతున్నవాడు, తాడిచెట్టెక్కడం మానేసి కోత మిషన్ ఎక్కాడు. సీజనంతా వీళ్లిద్దరూ ఒకే మిషన్‌తో ఊళ్లు తిరిగేవాళ్లు. వాడు భాయ్‌ని చాచా అనేవాడు.

తాళంచెవి పాఠం అయ్యాక భాయ్ లేచాడు.

"సాబ్, మీరు చెప్పేది సహీ. గని తాళంచెవి దీస్తె పటేల్ మొఖం మాడుతది. రేపు ఇంకో మెకానిక్‌ను పిలుస్తడు. అప్పుడు నా చేతులు మంచిగనే ఉంటయ్, పనే ఉండదు."

వెనక బెంచీ నుంచి డ్రైవర్ అందుకున్నాడు. "మా మిషన్‌ను కొండగట్టుకు తీస్కపోయి పూజ చేపిచ్చినం సార్. అంజన్న సూసుకుంటడు."

"సూసుకుంటడు తమ్మీ, కాదంటలేను," అన్నాను. "గని ఆయనకు గిన్ని మిషన్లున్నయ్. జర అటు తిరిగినప్పుడన్న తాళంచెవి నువ్వు సూసుకో."

క్లాసంతా నవ్వింది. భాయ్ నవ్వలేదు. గడ్డం గోక్కుంటూ చాలాసేపు నా వైపు చూశాడు. ఈయనకు ఎక్కింది అనుకున్నాను.

శిక్షణలో చివరి భాగం పొలంలో జరిగేది. కోరుట్ల అవతల ఒక ఊళ్లో ఎండాకాలపు యాసంగి కోతలు నడుస్తున్నాయి. భాయ్ చూసే మిషనే అక్కడ కోస్తుంటే, బ్యాచ్‌నంతా జీపులో, బండ్ల మీద అక్కడికే తీసుకుపోయాను. పైన ఎండ మాడుస్తోంది, పడమట మాత్రం మబ్బు లేస్తోంది. వడగండ్లు పడ్డాయంటే నిలబడ్డ వరి నేలపాలు, కోసి ఆరబోసిన వడ్లు నీళ్లపాలు. తమ వంతు కోసం గట్టు మీద నిలబడ్డ రైతులు ఒకసారి మబ్బు వైపు, ఒకసారి మిషన్ వైపు చూస్తున్నారు.

సరిగ్గా అప్పుడే మిషన్ ఆగిపోయింది. కోసిన వరిని లోపలికి లాగి గింజ రాల్చే డ్రమ్ము ఒకటి ఉంటుంది, దాని నిండా ఇనుప పళ్లు. పచ్చిగడ్డి దానికి చుట్టుకుని ఇంజన్ గుక్కపట్టి నిలిచింది. తమ్ముళ్లూ, ఈ ఒక్క సంగతి మాత్రం పట్టుకోండి. అట్లా ఆగినప్పుడు ఇంజన్‌కూ డ్రమ్ముకూ లంకె తెగదు. గడ్డి పీకేస్తున్న సమయంలో ఎవరైనా ఇంజన్ లేపారా, డ్రమ్ము కూడా తిరుగుతుంది. లోపల చెయ్యి ఉంటే ఆ చెయ్యి మళ్లీ బయటికి రాదు.

డ్రైవర్ దిగి నీళ్లు తాగడానికి బోరు దగ్గరికి పోయాడు. భాయ్ పైకెక్కి తాళంచెవి తీశాడు. గట్టు మీద మిషన్ యజమాని ముఖం నిజంగానే మాడింది.

"ఏంది భాయ్, మిషన్ గుంజుకపోతవా ఏంది?" అన్నాడు.

"సార్ చెప్పిండు పటేలా. పని కాంగనే ఇస్త," అంటూ భాయ్ దాన్ని జేబులో వేసుకుని, నా వైపు చూసి మీసం కింద నవ్వాడు.

నేను ఒక జానెడు పొడుగైనట్టు అనిపించింది. నా పాఠం నా కళ్లముందు జరగడం అదే మొదటిసారి. భాయ్ పక్క మూత విప్పి, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి గడ్డి పీకడం మొదలుపెట్టాడు. ఆయన ఉన్నది మిషన్‌కు అవతలి పక్క. డ్రైవర్ సీటు దగ్గరి నుంచి చూస్తే మనిషి కనపడడు.

ఇక్కడి నుంచి నేను క్లాసుల్లో చెప్పే కథ ఇట్లా ఉంటుంది. "నా మనసు ఎందుకో కీడు శంకించింది. తాళంచెవి ఒక్కటే చాలదనిపించింది. చప్పున జగిత్యాల బస్టాండు కళ్లముందు మెదిలింది. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి దస్తీ విసిరి సీటు మీద వేస్తాం. ఇక ఆ సీట్లో ఎమ్మెల్యే కూడా కూర్చోడు. కూర్చున్నాడా, బస్సంతా దస్తీ వైపే మాట్లాడుతుంది. వెంటనే మిషన్ ఎక్కి నా దస్తీ సీటు మీద పరిచాను."

తర్వాత జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను. దస్తీ వేసి నేను జీపు దగ్గరికి పోయాను. మబ్బు ఉరిమింది. గట్టు మీది రైతులు "లేపు, లేపు" అని కేకలు. డ్రైవర్ బోరు దగ్గరి నుంచి పరుగున వచ్చాడు. భాయ్ కనపడకపోయేసరికి పని అయిపోయిందనుకున్నాడు. తాళంచెవి భాయ్ జేబులో ఉంది కదా అంటారేమో. నేనూ అదే ధైర్యంతో ఉన్నాను. కానీ ఆ కంపెనీ మిషన్లన్నిటికీ తాళంచెవి ఒకటే. దాన్లాంటిదే ఇంకొకటి ఆ డ్రైవర్ మొలతాడుకు ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. ఎన్ని బ్యాచ్‌లకు ఆ పాఠం చెప్పానో, డ్రైవర్ల మొలతాడుకు ఏముంటుందో ఒక్కసారి కూడా అడగలేదు.

వాడు మెట్టు మీద కాలు పెట్టడం చూశాను. జీపులో సంచీ అడుగున నా డబ్బా ఇరుక్కుంది. వంగి, సంచీ అంతా కిందికి దింపి, దాన్ని గుంజి గుంజి బయటికి తీసి తిరిగేసరికి వాడు కింద నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో తాళంచెవి, ఒక చేతిలో నా దస్తీ.

"ఎవలిదిది? సీటు మీద ఎవలేసిండ్రు దస్తీ?" అన్నాడు.

అప్పుడే అవతలి పక్క నుంచి భాయ్, చేతికంటిన గడ్డి దులుపుకుంటూ వచ్చాడు. వాడి చేతిలో తాళంచెవి చూశాడు. తన జేబు తడుముకున్నాడు. తన తాళంచెవి అందులోనే ఉంది. ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. భాయ్ గట్టు మీద కూలబడి, "దస్తీ లేకుంటే?" అన్నాడు. కాసేపటికి మిషన్ లేచింది, మబ్బు ఎటో పోయింది, వరి కోత సాగింది.

ఆ రోజుతో నా దశ తిరిగింది. ప్రతి క్లాసులో కుర్చీలు బస్సులా వేయించి, ఒకణ్ణి కండక్టర్ చేసి, కిటికీలోంచి దస్తీ విసిరి చూపించేవాణ్ణి. ప్యాంటు తమాషాకు దగ్గడం కూడా మరిచినవాళ్లు దీనికి ఈలలు వేశారు. అట్టముక్క కట్టమంటే మరిచిపోయే మనుషులకు దస్తీ ఒకరు చెప్పాల్సిన పని లేదు, పుట్టినప్పటి నుంచి తెలుసు. సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో బ్యాచ్ పెట్టినప్పుడు, ఇంట్లో మరమగ్గాలున్న ఒకతను లేచి, "సార్, తెల్ల దస్తీ దుమ్ముల కనవడది" అన్నాడు. మరునాడు ఎర్రటి గుడ్డ తెచ్చాడు. వాళ్ల అమ్మ రాత్రికి రాత్రే ముక్కలు కోసి అంచులు కుట్టిందట. బ్యాచంతా తలా ఒకటి జేబులో పెట్టుకున్నారు. అది సిరిసిల్ల అంతా పాకింది. మా పెద్దసారు దాన్ని చూసి, మనిషి అలవాటులోంచి పుట్టిన పరిష్కారం అని మీటింగులో మెచ్చుకుని నాకు శాలువా కప్పాడు. నేను తల వంచుకుని కప్పించుకున్నాను. వినయం అనుకున్నారు అందరూ.

వినయం కాదు, సిగ్గు. ఎందుకో ఇప్పుడు చెబుతాను. బస్టాండు యాదికొచ్చిన మాట నిజమే, కానీ భాయ్ చెయ్యి కోసం కాదు. ఆ పొలంలో చెట్టు లేదు, చేమ లేదు. కనుచూపు మేరలో నీడ అంటే డ్రైవర్ సీటు మీది రేకు కప్పు ఒక్కటే. బ్యాచంతా దాని మీదే కన్నేసింది. జీపులోంచి అన్నం డబ్బా తెచ్చుకుని ఆ నీడలో హాయిగా కూర్చుని తినాలని, వేరేవాడు ఎక్కకుండా సీటు ఆపుకున్నాను. మామిడికాయ పప్పు, అప్పడం ఉన్నాయి ఆ రోజు. కీడు శంకించింది నా మనసు కాదు, నా కడుపు.

ఇది రాసేశాక భారం దిగినట్టయింది. ఎందుకు వేస్తేనేం, చెయ్యి దక్కింది కదా, పద్ధతి మంచిదే కదా అనుకున్నాను. అయినా భాయ్‌కి వినిపించకుండా అచ్చుకు ఇవ్వడం న్యాయం కాదని, కాయితాలు సంచీలో పెట్టుకుని కోరుట్ల బస్సెక్కాను.

భాయ్ షెడ్డులో ఆయనతో పాటు ఆ డ్రైవర్ కూడా ఉన్నాడు. ఆ కోతలు అయిపోగానే వాడు గల్ఫ్ పోయాడు. అక్కడ క్రేన్లు నడిపి, మధ్యమధ్య సెలవులకు వచ్చి పోతూ, ఈ మధ్యే పూర్తిగా తిరిగొచ్చాడు. తల నెరిసింది. నా కథ ఇంత దూరం ఊరేగిందని వాడికి తెలియదు. చాయ్ తెప్పించారు. నేను మొదటి నుంచి చదివాను. మామిడికాయ పప్పు దగ్గర భాయ్ కడుపు పట్టుకుని నవ్వాడు.

"నాకెర్కే సాబ్. నా పానం వోయేటట్టుంటె, మీరు టిఫిన్ డబ్బా సంకల వెట్టుకొని నిలవడ్డరు. చెప్తె బాగుండదని ఊకున్న."

డ్రైవర్ నవ్వలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"సార్, నేను దస్తీ జూసి దిగిన్నని రాసినవా?"

"అవును తమ్మీ."

"దస్తీ మీదనే కూసున్న."

నాకు వెంటనే అర్థం కాలేదు. వాడే చెప్పాడు.

"సీటు నిండ వడ్ల నూగు. ఎవడో పుణ్యాత్ముడు దస్తీ ఏసిండు, దురద వెట్టదనుకొని దాని మీదనే కూసున్న. తాళంచెవి వెట్టిన, సెల్ఫ్ కొట్టిన. టక్ మన్నది గని లేవలే. మిషన్ ఆగినప్పుడల్ల టేపు బంద్ చెయ్యకుంట పొద్దుగాల్నుంచి పాటలు ఇన్న, పాత బ్యాటరీ దిగింది. జూద్దామని దిగి అటు దిక్కు పోతె, చాచా భుజం దాక లోపలున్నడు."

భాయ్ నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది. "గా టక్ మన్నది నాకిన్నవడ్డది," అన్నాడు మెల్లగా. "చైను జారిందనుకున్న."

"భయమైంది చాచా. చెప్తె నువ్వు తంతవ్, పటేల్ పనిల నుంచి తీసేస్తడు. మల్ల ఎక్కి దస్తీ గుంజి, ఎవలిదని మాట మార్చిన. పక్క పొలం ట్రాక్టరు తెచ్చి, దాని బ్యాటరీకి వైర్లు తగిలిచ్చి లేపినం గద సార్. గది గూడ యాదికి లేదా?"

అప్పుడు యాదికొచ్చింది. ట్రాక్టర్ రావడం, వైర్లు తగిలించడం, నేను గట్టు మీద పప్పన్నం తినడం. ఇన్నేళ్లూ చెప్పిన కథలో ఆ ట్రాక్టర్‌కు చోటు లేదు, అందుకే నా తలలోంచి కూడా పోయింది.

"ఇన్నేండ్లు దస్తీ ముచ్చటే చెప్పిన తమ్మీ," అన్నాను. "ఎర్ర దస్తీలు జేబులల్ల వెట్టుకొని తిరుగుతున్నరు మెకానిక్‌లు. అది ఏస్తె ఏం గాదని లోపల చేతులు వెడ్తున్నరు."

"గందుకే చెప్తున్న. బస్సుల దస్తీ మీద కూసుంటె పదిమంది లొల్లి వెడ్తరు, పొలంల ఎవడు వెడ్తడు? తాడెక్కేటోడు తన నడుముకున్న మోకు జూసుకుంటడు గని, కింద ఎవడన్న కావలున్నడా అని జూడడు. ముందుగాల బ్యాటరీ వైరు పీకి పక్కకు వెట్టి, గప్పుడు చెయ్యి వెట్టుమని రాయి సార్. దస్తీతోని చెమట తుడుసుకొమ్మను."